గేటు కిర్రుమనని రోజు

మెడనొప్పితో వచ్చిన ప్రతివాడూ అబద్ధం చెబుతాడని మా డాక్టర్ ముత్యాలరావు గారి గట్టి నమ్మకం. కాకినాడలో ముప్పై ఏళ్ళుగా ఎముకల వైద్యం చేస్తున్న మనిషి కాబట్టి కాదనడానికి నాకు ధైర్యం చాలేది కాదు.

"మోకాలి నొప్పోడు నిజం చెప్తాడు వసుంధరా. నడుం నొప్పోడు సగం చెప్తాడు. మెడ నొప్పోడున్నాడే, పచ్చి అబద్ధాలకోరు. ఎందుకంటావ్? మోకాలు ఎటు వంగితే ఎవడిక్కావాలి? మెడ ఎటు తిరిగిందో చెప్తే మనసెటు తిరిగిందో చెప్పేసినట్టే" అనేవారు.

గాయం ఎలా తగిలిందో తెలియకపోతే వైద్యం గుడ్డిగా చెయ్యాలి. ఆ కోపంతోనే పదకొండేళ్ళు కష్టపడి ఆయన మెడ కదలికల్ని చదివే గ్రీవలేఖినిని కనిపెట్టారు. ఆ పేరు ఆయన పెట్టుకున్నది. ఆస్పత్రిలో ఆయాల దగ్గర్నుంచి నర్సుల దాకా అందరూ దాన్ని చాడీల పట్టీ అనేవారు.

మెడ ఎముకల మధ్య చిన్న చిన్న కండరాలుంటాయి. మెడ కదిలిన ప్రతిసారీ వాటిలో కంటికి కనబడని ఒక ఉప్పు చార పడుతుందనీ, అది ముప్పై రోజుల దాకా చెరిగిపోదనీ డాక్టరు గారు పట్టుకున్నారు. పట్టీని రోగి మెడకు ఇరవై నిమిషాలు చుడితే అది ఆ చారలన్నీ చదివేస్తుంది. చదివింది చూపించడానికి ఒక తల కావాలి కదా. ఆ తలకు మోటార్లు బిగించి ఆడించడం నా ఉద్యోగం.

తల కోసం వినాయక చవితికి విగ్రహాలు పోసే అప్పలకొండకు పని అప్పగించారు. ఏనుగు తల కాక అతనికి అమ్మవారి ముఖం తప్ప ఇంకోటి రాదు. చెవుల దాకా సాగిన కళ్ళు, పెదవుల మీద చిరునవ్వు, అంతా బాగానే ఉంది. "మగ తల కావాలయ్యా" అని డాక్టరు గారు తిప్పి పంపిస్తే, వారం తర్వాత అదే ముఖానికి మీసం గీసి పట్టుకొచ్చాడు. ఇక చేసేది లేక దానికే మోటార్లు బిగించి బుర్రయ్య అని పేరు పెట్టుకున్నాం. రోగి మెడ ముప్పై రోజుల్లో ఏం చేసిందో బుర్రయ్య గంటలో చేసి చూపిస్తాడు. పక్కన తెర మీద తారీఖు, టైము నడుస్తుంటాయి. మెడకు హాని చేసే కదలిక వచ్చినప్పుడు బుర్రయ్య నెత్తి మీద ఎర్ర దీపం వెలుగుతుంది.

మొదట వచ్చినాయన రిటైరైన హెడ్మాస్టరు. చెయ్యి తిమ్మిరి, కళ్ళు తిరగడం. "సెలూన్లో మెడ విరిపించుకునే అలవాటుందా మాస్టారూ?" అని అడిగితే, "నేను విద్యావంతుణ్ణండీ" అని కసిరారు. బుర్రయ్యను ఆడించాం. నాలుగు ఆదివారాలు, సరిగ్గా తొమ్మిదిన్నరకి, తల ఎడమకు తిరిగి టక్, కుడికి తిరిగి టక్. నాలుగుసార్లూ ఎర్ర దీపమే. వెంటవచ్చిన కూతురు అక్కడే ఆయన్ని బెంచీ ఎక్కించినంత పని చేసింది. సంగతి బయటపడబట్టి సరిపోయిందిగానీ ఇంకో రెండు ఆదివారాలు గడిస్తే మెడలో రక్తనాళం చిరిగేదని డాక్టరు గారు చెప్పారు.

తర్వాత ఒక గుమాస్తా భార్యతో సహా వచ్చాడు. దిండు సరిపడలేదన్నాడు. బుర్రయ్య చూస్తే రోజూ పొద్దున్న ఆరుంబావుకి మెడ సాచి, ఎడమకు తిప్పి పదకొండు నిమిషాలు అలాగే ఉండిపోతున్నాడు. "ఎడంపక్క గోడవతల ఎవరుంటారో నాకు తెల్దేటి?" అంది ఆవిడ. బుర్రయ్య రెండో వారంలోకి రాకుండానే ఆవిడ తుని బస్సెక్కి పుట్టింటికి వెళ్ళిపోయింది. మూడు రోజుల తర్వాతగానీ అసలు సంగతి తెలియలేదు. పక్కింటాయన అరుగు మీద పేపరు విప్పి చదువుతుంటే మనవాడు గోడ మీంచి ఉచితంగా చదివేస్తున్నాడు. సొంతంగా పేపరు వేయించుకుంటానని ఒట్టు పెట్టాకే ఆవిడ తిరిగొచ్చింది.

ఇలాంటివి ఊళ్ళో పాకిపోవడానికి ఎంతసేపు? జనం మెడలు పట్టుకునే వచ్చి, బుర్రయ్యను చూసి, నొప్పి తగ్గిపోయిందని చెప్పి వెళ్ళిపోయేవారు. డాక్టరు గారు మాత్రం, "చూశావా, తప్పు చేసినోడే పారిపోతాడు" అని మురిసిపోయేవారు. నాకు లోపల్లోపల బాధగానే ఉండేది. మెడ తిప్పడం కూడా తప్పేనా అనిపించేది.

డాక్టరు గారు భోజనానికి ఇంటికి వెళ్ళలేని శనివారాలు, కేరియరు తేవడానికి వాళ్ళింటికి నేనే వెళ్ళేదాన్ని. ఆయన భార్య హైమావతి గారికి ఏభై నాలుగేళ్ళు. నెమ్మదైన మనిషి. భర్త మాట్లాడుతుంటే ఊఁ కొడుతూ తల ఊపడం తప్ప ఎదురు చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఆ ఇంటి ఇనప గేటు తీస్తే కిర్రుమన్న చప్పుడు వీధి చివర టీ కొట్టు దాకా వినబడేది. ఒకసారి, "కాస్త నూనె చుక్క వెయ్యనా అమ్మా?" అని అడిగాను.

"వద్దే తల్లీ. దాని మానాన దాన్నుండనీ" అన్నారావిడ, కంగారుగా.

వంటింట్లో ఫ్రిజ్జు నెత్తిన, ఆవకాయ జాడీకి ఆనించి ఫోను నిలబెట్టి ఉండేది. సీరియల్ చూసుకుంటారు కాబోలనుకున్నాను. అంత ఎత్తున ఎందుకు పెట్టారో అడగాలని తోచలేదు.

ఆ గేటంటే డాక్టరు గారికి తలనొప్పి. ఏప్రిల్ మూడో తారీఖు సాయంత్రం బుర్రయ్య మోటార్లకు వాడే నూనె డబ్బా నా బల్ల మీంచి తీసుకుని ఇంటికి వెళ్ళారు. మర్నాడు తిరిగిస్తూ చిన్నపిల్లాడిలా సంబరపడిపోయారు. "సగం డబ్బా పోశానమ్మాయ్. ఆ గేటు చప్పుడు లేకుండా తీసుకోవడం కోసమే నిన్న ఓపీ వదిలేసి పెందరాళే ఇంటికెళ్ళా. స్కూటరు వీధి చివరే ఆపేసి, పిల్లిలా లోపలికెళ్ళి, వంటింటి గుమ్మంలో నించుని 'హైమా' అన్నా. పాపం, గరిటె కింద పడేసింది."

నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ వారమే హైమావతి గారికి మెడ పట్టేసింది. దిండు తేడా చేసిందన్నారు. ఊళ్ళోవాళ్ళు దిండు పేరెత్తితే ఇంతెత్తున లేచే డాక్టరు గారు, భార్య చెప్పగానే నమ్మేసి బజారుకెళ్ళి బూరుగు దూది దిండు తెచ్చారు. తగ్గకపోతే స్పాంజిది తెచ్చారు. మూడు వారాల్లో ఆ ఇంట్లో ఏడు దిళ్ళు పోగయ్యాయి. "ఎక్స్‌రే తీయిద్దాం, పట్టీ వేసి చూద్దాం" అని ఆయన అంటే, "మీ పట్టీ రోగుల కోసం. నాకేం, రెండ్రోజుల్లో అదే పోద్ది" అని ఆవిడ తప్పించుకునేవారు.

ఏప్రిల్ ఇరవై నాలుగున హైదరాబాదు నుంచి పరిశీలక సంఘం దిగింది. గ్రీవలేఖినిని ఆస్పత్రుల్లో వాడనివ్వాలో వద్దో వాళ్ళు తేల్చాలి. ముగ్గురిలో పెద్ద, నరాల వైద్యురాలు డాక్టర్ విశాలాక్షి గారు. డెబ్బై ఏళ్ళుంటాయి. నవ్వడం ఆవిడ ఎప్పుడో మానేసినట్టున్నారు. షరతు ఒక్కటే. బుర్రయ్య చూపించింది నిజమేనని రోగి సంఘం ముందు ఒప్పుకోవాలి. ఒక్క కదలిక తేడా వచ్చినా యంత్రం మూత పడుతుంది. పదకొండేళ్ళ శ్రమ అంతటితో సరి.

అందుకే డాక్టరు గారు వెతికి వెతికి, తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికుడు సింహాచలాన్ని ఒప్పించారు. చెట్టెక్కే మెడలో రహస్యాలేముంటాయని ఆయన ధీమా. పది గంటలకు సింహాచలం ఫోన్ చేశాడు. "మా ఆడది రావద్దంటందండి బాబూ. ఏం తేలతాదోనని నాకూ బయ్యంగానే ఉందండి."

డాక్టరు గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. సరిగ్గా అప్పుడే హైమావతి గారు సంఘం వాళ్ళకు కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చారు. విశాలాక్షి గారికి అందించబోతుంటే గ్లాసు చేతిలోంచి జారి పడింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా జారుతోంది?" అన్నారు విశాలాక్షి గారు. కాఫీ పడిన చీర వైపు చూసుకోను కూడా చూసుకోలేదు.

"అబ్బే, తడి చెయ్యండి..."

"అబద్ధం. కూర్చోమ్మా."

ఆవిడ హైమావతి గారి తలను కుడి భుజం మీదికి వంచి, నెత్తి మీద అరచేత్తో మెల్లగా నొక్కారు. హైమావతి గారు అబ్బా అన్నారు.

"నొప్పి బొటనవేలి దాకా పాకిందా?"

"పాకిందండి. చూపుడు వేలికి కూడాను."

"మెడలో నరం నొక్కుకుంది. దీన్ని దిండు చెయ్యదు. ఒక్కసారిగా బలంగా తిరిగిన మెడ ఇది. దేనికి తిరిగావు?"

హైమావతి గారు చేతి మీద పడిన కాఫీని కొంగుతో తుడుచుకున్నారు. విశాలాక్షి గారు డాక్టరు గారి వైపు తిరిగి, "రోగి కోసం వెతుకుతున్నారుగా. ఇదిగో మీ రోగి" అన్నారు.

"నేనా? స్టవ్ మీద పప్పు పెట్టొచ్చానండి" అంటూ హైమావతి గారు లేవబోయారు.

"మాడితే మాడనీ హైమా. మా ఆవిడ మెడలో దాచేదేం ఉండదు మేడం. వంటిల్లు, పూజగది, టీవీ. ఉన్నవి మూడే దిక్కులు" అన్నారు డాక్టరు గారు, దర్జాగా.

పట్టీ చుడుతుంటే హైమావతి గారు నా చెయ్యి పట్టుకుని, "వసూ, అది అన్నీ చూపించేస్తుందా?" అని గొణిగారు. అన్నీ చూపిస్తుందని చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

ఇరవై నిమిషాల తర్వాత పట్టీ తీసి, బదులుగా మెడ కదలకుండా మెత్తటి కాలర్ కట్టి, బుర్రయ్యను ఆడించాం. మార్చి ఇరవై అయిదు. బుర్రయ్య కిందికి వంగి కూరగాయలు తరిగాడు. దేవుడికి దణ్ణం పెట్టాడు. మధ్యాహ్నం భోజనాల వేళ ఊఁ కొడుతూ నూట నలభై సార్లు తలూపాడు. "అది నేను మాట్లాడే టైము" అన్నారు డాక్టరు గారు గర్వంగా. సంఘం వాళ్ళు రాసుకున్నారు.

సాయంత్రం అయిదైంది. బుర్రయ్య తల నిటారుగా నిలబడింది. గడ్డం రవంత పైకి లేచింది. తర్వాత తల ఎటూ తిరగకుండా, వంగకుండా, ఉన్నదున్నట్టు ఎడమకు జరిగింది. కుడికి జరిగింది. నిదానంగా మూడుసార్లు, జోరుగా ఆరుసార్లు. ఆ పెద్ద కళ్ళు, చిరునవ్వు, కింద మీసం. నాకు నవ్వాగలేదు. పెదవి కొరుక్కున్నాను.

"వసుంధరా! మోటారు ఊడిపోతోంది!" అని డాక్టరు గారు అరిచారు.

నాకు ఒళ్ళు మండింది. మోటార్లు రాత్రింబగళ్ళు చూసుకునేది నేను. "ఊడిపోయిన మోటారు తాళం తప్పకుండా ఆడదు సార్. లెక్కపెట్టండి. మూడు, ఆరు, మళ్ళీ మూడు" అన్నాను.

మార్చి ఇరవై ఆరు సాయంత్రం అయిదు. మళ్ళీ అదే. ఇరవై ఏడూ అదే. డాక్టరు గారు బుర్రయ్య మెడ కింద చెయ్యి పెట్టి తడుముతున్నారు.

"ఇంటిపనిలో ఏ ఆడదాని మెడా ఇలా కదలదు" అని విశాలాక్షి గారు కలం తీశారు. "యంత్రం తప్పు అని రాసుకోవాల్సి వస్తుంది. లేదూ, రోగి ఒప్పుకోవాలి. ఏమ్మా, ఇది నువ్వేనా?"

హైమావతి గారు భర్త ముఖం చూశారు. అలా తెల్లబోయిన ఆ ముఖాన్ని ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఎన్నడూ చూసి ఉండరు.

"మోటారు బాగానే ఉందండి. అది నేనే."

"నువ్వా? ఏం చేస్తూ?" అన్నారు డాక్టరు గారు.

"డాన్సు."

సంఘం వాళ్ళ కలాలు ఆగిపోయాయి. బుర్రయ్య మాత్రం ఇరవై ఎనిమిదో తారీఖు సాధన మొదలెట్టాడు.

"పెళ్ళికి ముందు ఆరేళ్ళు కూచిపూడి నేర్చుకున్నానండి" అన్నారావిడ, భర్తతో కాదు, విశాలాక్షి గారితో. "నాలుగేళ్ళ కిందట మా వీధిలో క్లాసు పెట్టారు. పెద్దవాళ్ళు కూడా రావచ్చన్నారు. వెళ్ళనా అని అడిగితే ఈయన నవ్వారు. అప్పడం విరిచి, అన్నం మెతుకులు పేర్చి, ఏభై దాటాక మెడ ఆడిస్తే ఏ ఎముక ఏమవుతుందో నలభై నిమిషాలు చెప్పారు. చెప్పినందుకు కాదండి. నవ్వారు. అది మర్చిపోలేకపోయాను. అందుకని ఫోన్లో చూసి నేర్చుకుంటున్నాను. కింద పెడితే ఈయనొచ్చేటప్పటికి కనబడిపోద్దని ఫ్రిజ్జు మీద పెట్టుకునేదాన్ని."

"దీన్నేమంటారు?" అని విశాలాక్షి గారు బుర్రయ్యను చూపించి అడిగారు.

"సుందరి అంటారండి. మెడ కదలికల్లో మొదటిది."

"చేసి చూపించగలవా? ఒప్పుకుంటే చాలదు. సరిపోల్చుకోవాలి."

"మెడ కట్టేశారు కదండీ" అన్నారు హైమావతి గారు. అని ఒక్క క్షణం ఆలోచించి, "వసూ, మళ్ళీ ఇరవై అయిదో తారీఖు పెట్టు" అన్నారు.

ఈసారి అసలు వేగంలోనే పెట్టాను. ఆవిడ లేచి బుర్రయ్య పక్కన నిలబడ్డారు. కాఫీ మరకల కొంగు నడుముకు దోపుకున్నారు. బుర్రయ్య మెడ జరిగింది. అదే క్షణంలో కాలర్‌లో బిగిసిన మెడ పైన ఆవిడ కళ్ళు జరిగాయి. కళ్ళ వెంట చేతులు, చేతుల వెంట అడుగులు. మెడ ఒకరిది, మిగతా ఒళ్ళంతా ఇంకొకరిది. తాళంలో ఒక్క మాత్ర కూడా తేడా లేదు. ఇద్దరికీ ఒకటే చిరునవ్వు. సంఘంలో ఇంతవరకూ నోరు విప్పని ఇద్దరూ తెలియకుండానే బల్ల మీద తాళం వేస్తున్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

డాక్టరు గారు గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయారు. భార్య నాట్యం చేస్తుంటే ఆయన చూడటం అదే మొదలు.

"సరిపోయింది" అన్నారు విశాలాక్షి గారు. "ఎక్కడా ఎర్ర దీపం రాలేదు చూశారా? డాన్సు ఈ మెడకి ఏ అపకారమూ చెయ్యలేదు. ఫ్రిజ్జు వైపు తలెత్తి చూడటం వల్ల కాస్త అలిసింది, అంతే. అసలు గాయం ఎక్కడుందో చూద్దాం. ముందుకు పోనివ్వు."

ఏప్రిల్ ఒకటి, రెండు గడిచాయి. మూడో తారీఖు. అయిదు గంటలు. బుర్రయ్య సాధన మొదలెట్టాడు. అయిదూ ఇరవైకి, జోరు మీదున్న తల ఉన్నపళంగా కుడివైపు గిరుక్కున తిరిగింది. మీసం రంగు పెచ్చు ఊడి ఎగిరిపడింది. నెత్తిన ఎర్ర దీపం భగ్గుమంది. ఆ తర్వాత ఇరవై రోజులూ బుర్రయ్య మెడ సరిగ్గా తిప్పనే లేదు. సాయంత్రం అయిదైతే చాలు, గడ్డం పైకెత్తి ఊరికే చూస్తూ ఉండేవాడు. ఆడలేక, ఫోన్లో ఎవరో ఆడుతుంటే చూస్తూ.

"దేనికి తిరిగావమ్మా?"

హైమావతి గారు భర్త వైపు చూడకుండా అన్నారు. "రోజూ గేటు కిర్రుమంటుందండి. ఈయనొచ్చి చెప్పులు విప్పేలోగా నేను ఫోను ఆపి గరిటె పట్టుకునేదాన్ని. ఆ రోజు పొయ్యి ముందు గరిటె పట్టుకునే మెడ ఆడిస్తున్నాను, గేటు కిర్రుమనలేదు. వెనకనుంచి ఒక్కసారిగా పిలుపు వినబడింది."

నూనె డబ్బా నా బల్ల మీదే ఉంది. నేను దాన్ని చూడలేకపోయాను. డాక్టరు గారూ చూడలేకపోయారు.

విశాలాక్షి గారు రోగి కాగితం ఆయన ముందుకు తోశారు. గాయానికి కారణం అన్న చోట ఖాళీ ఉంది. "మీ యంత్రం గెలిచింది. కారణం మీరే రాయండి" అన్నారు.

ముప్పై ఏళ్ళుగా ఆ ఖాళీలో బైకులూ, బావులూ, మెట్లూ రాసిన చెయ్యి చాలాసేపు ఆగింది. చివరికి ఒకే మాట రాశారు. భర్త.

విశాలాక్షి గారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడు నవ్వారు. "మెడనొప్పి కాగితం మీద నిజం రాసిన డాక్టర్ని ఇప్పుడే చూశాను" అన్నారు.

"ఆ రోజు నేను నవ్వాను కదూ హైమా?" అన్నారు డాక్టరు గారు, కాగితం మీంచి తల ఎత్తకుండా.

"నవ్వారు."

"నవ్వకుండా ఉండాల్సింది."

"పదండి, పప్పు మాడిపోయుంటుంది" అన్నారావిడ. ఆ గొంతులో కోపం లేదు.

అనుమతి వచ్చింది, ఒక షరతు మీద. బుర్రయ్య ఆట రోగి, డాక్టరు, మోటార్లు ఆడించే నేను తప్ప నాలుగో మనిషి చూడకూడదు. ఆ షరతు పెట్టమని రాసిచ్చింది డాక్టరు గారే. ఆ కబురు తెలిశాక సింహాచలం తనంతట తనే వచ్చాడు. అతని మెడలో తాటిచెట్టు తప్ప ఇంకేమీ లేదు.

హైమావతి గారి కాలర్ రెండు వారాలుంది. మందులు, ఆ తర్వాత రోజూ మెడకు చిన్న చిన్న కసరత్తులు. బలవంతంగా పిసకడం, విరవడం ఏవీ లేవు. నరం వాపు తగ్గి ఆరు వారాల్లో వేళ్ళ తిమ్మిరి పోయింది. గోడకు సరిగ్గా ఆవిడ కళ్ళ ఎత్తున డాక్టరు గారు ఫోను పెట్టడానికి చెక్క కొట్టారు. ఏడు దిళ్ళలో ఆరు ఆస్పత్రికి వచ్చాయి.

ఈ మధ్యలో ఒకరోజు ఆయన నా బల్ల దగ్గరికొచ్చి మొహమాటంగా, "ఏమ్మాయ్, పోసిన నూనె వదిలించి గేటుకి మళ్ళీ చప్పుడు రప్పించాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగారు. సబ్బునీళ్ళతో కడిగి, రోజూ పొద్దున్నే చెంబుడు నీళ్ళు పొయ్యమన్నాను. వీధిలో అందరూ మొక్కలకు నీళ్ళు పోస్తుంటే కాకినాడ పెద్ద డాక్టరు గేటు బందులకు నీళ్ళు పోస్తూ నెల రోజులు నిలబడ్డారు.

జూన్ నెలలో ఒక శనివారం సాయంత్రం అయిదున్నరకు కేరియరు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. హైమావతి గారు వంటింట్లో సాధనలో ఉన్నారు. నన్ను చూసి కళ్ళతోనే కూర్చోమన్నారు. కాసేపటికి బయట స్కూటరు ఆగింది. గేటు వీధంతా వినబడేలా కిర్రుమంది.

ఆవిడ మెడ మాత్రం ఆ వైపు తిరగలేదు. ఎడమకు జరిగింది, కుడికి జరిగింది, తాళం తప్పలేదు.